ముక్తాముక్త విభాగము: విసరు వస్తువులచే ఆత్మరక్షణము

అస్త్రశబ్దము వినగానే విద్యార్థులకు బ్రహ్మాస్త్రము, ఆగ్నేయాస్త్రము, పాశుపతము స్ఫురించును. మంత్రము జపించి విడిచినది అస్త్రమనియు, చేతబట్టి కొట్టునది శస్త్రమనియు పురాణ ప్రవచనములలో తరచుగా వినబడును. ఈ వివరణము సగము మాత్రమే సరియైనది. అసు ధాతువునకు క్షేపణము, అనగా విసరుట, అర్థము. విసరబడునది యేదైనను అస్త్రమే. అందు మంత్రప్రసక్తి ధాత్వర్థము వలన వచ్చినది కాదు. ఇతిహాస పురాణములందలి ప్రయోగప్రాచుర్యము వలన వచ్చినది. శసు ధాతువునకు హింస అర్థము. పాణిని 3-2-182 సూత్రమున కరణార్థమందు ష్ట్రన్ ప్రత్యయమును విధించుచు పఠించిన ధాతువులలో ఇదియు నొకటి. హింసకు సాధనమైనది శస్త్రము. ఈ రీతిని చూచినచో పొలము గట్టుపై నిలిచి పిట్టలపై మట్టిబెడ్డ విసరు బాలకుడును అస్త్రప్రయోక్తయే.

అమరసింహుడు క్షత్రియవర్గమున ఆయుధ, ప్రహరణ, శస్త్ర, అస్త్ర శబ్దములను పర్యాయములుగనే పఠించినాడు. కోశకారునకు లోకవ్యవహారము ప్రధానము గనుక అది దోషము కాదు. భేదము కావలసినది ధనుర్వేదమునకు. మధుసూదన సరస్వతి ప్రస్థానభేదమున ధనుర్వేదమును ఉపవేదముగా వివరించుచు ఆయుధములను నాలుగు తెగలుగా విభజించెను: చేతినుండి విడువబడునవి ముక్తములు, చేత నిలిచియుండునవి అముక్తములు, రెండు విధముల పనికివచ్చునవి ముక్తాముక్తములు, యంత్రసాయమున విడువబడునవి యంత్రముక్తములు. మొదటిదానికి చక్రము, రెండవదానికి ఖడ్గము, కడపటిదానికి బాణము ఉదాహరణములు. ముక్తమునకే అస్త్రమని పేరు, అముక్తమునకు శస్త్రమని పేరు అని ఆయన స్పష్టముగా చెప్పియున్నాడు.

ఈ విభాగము గ్రంథమునకే పరిమితమైన లెక్క కాదు. ఆయుధము లేని సామాన్యుడు, ఇంటిలోనో దారిలోనో దుండగునికి ఎదురుపడినపుడు, చేతికందిన దానిని విసరవలెనా, పట్టుకొని నిలువవలెనా, విసరినచో ఏది విసరవలెను, దాని వలన ఎదుటివాడు గాయపడినచో దోషమెవ్వరిది అను ప్రశ్నలకు ఈ విభాగమునుండియే సమాధానము మొదలగుచున్నది. కత్తి విసరుట వీరవిద్యయనియు, రాయి విసరుట పామరచేష్టయనియు లోకమునందొక భ్రమ కలదు. శాస్త్రదృష్టి దీనికి సరిగా విరుద్ధముగా నున్నది.

మొదట కత్తి సంగతి. అమరకోశము చిన్న కత్తికి శస్త్రి, అసిపుత్రి, ఛురిక, అసిధేనుక అని నాలుగు పేర్లు చెప్పినది. ఇందు తొలి పేరు గమనింపదగినది. అస్త్రి అని కాక శస్త్రి యనియే వ్యవహరించిరి. అనగా అది విసరు వస్తువు కాదు, చేత నిలుపుకొను వస్తువని పేరే చెప్పుచున్నది. వైశంపాయనుని పేర వెలసిన నీతిప్రకాశికను గుస్తావ్ ఓపెర్ట్ 1882లో మద్రాసున ప్రకటించెను. అది చాల అర్వాచీనమని పండితులు భావింతురు. దానిని ప్రాచీన యుద్ధమునకు సాక్ష్యముగా గ్రహింపరాదు. అయినను ఆయుధముల వర్గీకరణమునందు సంప్రదాయపు చూపు ఎట్టిదో తెలిసికొనుటకు అది పనికివచ్చును. అందు ముక్తములు పండ్రెండు, అముక్తములు ఇరువది. అసిధేనువు అముక్తములలో నున్నది. ముక్తములలో నున్నవేవి? ధనుస్సు, బాణము, భిందిపాలము, శక్తి, తోమరము, చక్రము మొదలగువానితోపాటు ద్రుఘణము, లగుడము. ద్రుఘణమన కొయ్యసుత్తి. లగుడమన దుడ్డుకఱ్ఱ. కత్తిని చేత నిలుపుకొమ్మనియు, దుడ్డుకఱ్ఱను విసరుమనియు గ్రంథాభిప్రాయము.

అగ్నిపురాణము ఇంతకంటె ప్రాచీనమైన ఆధారము. అందు ధనుర్వేదప్రకరణము నాలుగధ్యాయముల మేరకు సాగును. అధ్యాయసంఖ్య ముద్రణలనుబట్టి ఒకటి అటునిటుగా నుండును. అచటి విభాగము ఐదు విధములు: యంత్రముక్తము, పాణిముక్తము, ముక్తసంధారితము, అముక్తము, బాహుయుద్ధము. పాణిముక్తమునకు, అనగా చేతితో విసరుదానికి, ఉదాహరణముగా మొదట పేర్కొనబడినది శిల. తరువాత తోమరము. ప్రాసము ముక్తసంధారితము, విసరవచ్చును, మరల గ్రహించి ధరింపనువచ్చును. ఖడ్గాదులు అముక్తములు. కత్తి విసరుటకు ఇచటను చోటు లేదు.

కారణము గ్రంథకారులు విప్పి చెప్పలేదు గాని వస్తుస్వభావమును విచారించినచో తేటపడును. విసరిన కత్తి తన బరువు నిలిచిన బిందువు చుట్టు తిరుగుచు పోవును. ఆ భ్రమణమునందు మొన ముందుకు వచ్చు క్షణమొకటి, పిడి ముందుకు వచ్చు క్షణమొకటి. మొన తగులవలెనన్నచో దూరము నియతమై యుండవలెను. పదడుగుల దూరమునకు కుదిరిన విసరు, ఎదుటివాడు మూడు నాలుగడుగులు ముందుకు దూకినచో పిడిదెబ్బగా మారును. సర్కసులలో బల్లకు ఆనించి నిలిపిన మనిషి చుట్టు కత్తులు నాటువారు ఏండ్ల తరబడి సాధన చేసినవారే. అయినను వారు నిలుచు చోటు మారదు, ఎదుటివాడు కదలడు, కత్తుల తూకమంతయు ఒక్కటి. ఈ మూడింటిలో ఒక్కటియు చీకటి సందులో లభింపదు. రాతికి మొన లేదు, పిడి లేదు. ఏ వైపు తగిలినను రాయి రాయియే. తోమరమునకు పొడవైన కఱ్ఱయు ముందు బరువును ఉండుటచే తిరుగక మొనతోనే పోవును. పాణిముక్తమునకు శిలను, తోమరమును చెప్పి ఛురికను చెప్పకుండుట ఊరక జరిగినది కాదు.

రెండవ హేతువు ఇంతకంటె బలీయము. అముక్తము ఒక్కటియే చేతనున్నపుడు దానిని విడిచినవాడు మరుక్షణమున నిరాయుధుడు. గురి తప్పినచో ఎదుటివానికి ఆయుధము ఇచ్చినవాడు కూడ. కర్ణుని వాసవీశక్తి వృత్తాంతమును ఈ దృష్టితో చదువవలెను. ఒక్కమారు మాత్రమే విడువదగిన దానిని అర్జునునికై దాచి, రాత్రియుద్ధమున కౌరవసేన ఆక్రోశింపగా ఘటోత్కచునిపై విడిచెను. ఘటోత్కచుడు కూలెను; పాండవశిబిరమున అందరును దుఃఖించుచుండగా కృష్ణుడొక్కడే హర్షించెను. శక్తి పోయినందుకు ఆ హర్షము. భాగవతాదులలోని సుదర్శనము మరల చేతికి వచ్చునట్టిదిగా వర్ణింపబడుట దివ్యత్వమును చెప్పుటకే. మానవుడు విసరిన ఇనుము తిరిగి రాదు.

లోకమున చక్రవిద్య పూర్తిగా కావ్యకల్పన కాదు. పంజాబున అకాలీ నిహంగులు ఉక్కుచక్రములను తలపాగలపై పెక్కింటిని ధరించు ఆచారము ప్రసిద్ధము. పెక్కింటిని ధరించుటలోనే మర్మమున్నది: ఒకటి పోయినను మరియొకటి యుండును. మధుర, శివగంగ ప్రాంతముల కళ్ళర్, మరవ జాతులవారి వళరి మరియొకటి. వంపు తిరిగిన కొయ్యనో ఇనుమునో కాళ్లకు గురిచూచి విసరి, పారు మృగమును నిలువరించు సాధనమది. జేమ్స్ వెల్ష్ అను ఆంగ్ల సేనాధికారి 1830లో ప్రకటించిన తన సైనికస్మృతులలో, ఈటె విసరుటయు ఈ వంపుకఱ్ఱ విసరుటయు తనకు నేర్పినవాడు చిన్న మరుదు అని వ్రాసికొనెను. ఆ చిన్న మరుదునే 1801లో కుంఫిణీవారు ఉరితీసిరి. గురుస్మరణము గ్రంథమునకు ఎక్కినది. గురువు మాత్రము మిగులలేదు.

ఇక రాయి. కౌటిల్యుడు ఆయుధాగారాధ్యక్ష ప్రకరణమున శక్తి, ప్రాస, కుంతాదులను, ఖడ్గభేదములను, ధనుర్భేదములను చెప్పిన పిమ్మట అశ్మాయుధములను వేఱుగా లెక్కించెను. యంత్రముతో విసరు రాయి, గోష్పణముతో విసరు రాయి, పిడికిట బట్టి విసరు రాయి, రోచని, దృషత్తు అనునవి అందలివి. 1909లో అర్థశాస్త్రమును మైసూరున ప్రకటించిన శామశాస్త్రి తన ఆంగ్లానువాదమున రోచనికి తిరుగలి రాయి యని అర్థము చెప్పెను. దృషత్తు లోకమున సన్నికల్లు. ఈ సందర్భమున పెద్దరాతిని చెప్పుననుట సమంజసము. వంటయింటి రాళ్ల పేర్లు రాజాయుధాగారపు పట్టికలో చేరుట చూచి ఆశ్చర్యపడనక్కరలేదు. కోటగోడపై నిలిచినవానికి క్రిందివాని తలపై వేయుటకు ఏ రాయియైనను చాలును. దుర్గవిధానమునందును పాషాణములు, కుద్దాలములు, కుఠారములు సిద్ధముగా నుంచవలెనని ఆయన విధించినాడు. గొడ్డలి, పార, గునపము ఆయుధాగార ప్రకరణమునందును మంగలికత్తి వంటివి యను తెగలో చేర్చబడినవి.

గోష్పణమే హిందీ, మరాఠీ భాషలలో గోఫణమైనది. తెలుగున వడిసెల. అగ్నిపురాణము దీనినే క్షేపణి యనుచున్నది. ఇచట విద్యార్థులు పొరపడు చోటొకటి కలదు. అమరకోశమున క్షేపణి యనగా నావను నడుపు తెడ్డు. ఆ అర్థమును పట్టుకొని ధనుర్వేద ప్రకరణమునకు పోయినచో యుద్ధభూమిలో తెడ్డెందుకను సందేహము కలుగును. క్షిప్ ధాతువు రెంటికిని సమానము. ఒకటి నీటిని వెనుకకు నెట్టును, మరియొకటి రాతిని ముందుకు నెట్టును.

అగ్నిపురాణము ఒక్కొక్క ఆయుధమునకు దాని కర్మలను, అనగా ప్రయోగవిధములను, లెక్కించునపుడు ఖడ్గమునకు ముప్పదిరెండు చెప్పినది. క్షేపణికి చెప్పినవి కొలదియే: త్రాసనము, రక్షణము, ఘాతము, బలోద్ధరణము, ఆయతము. ఈ క్రమమును నిదానించి చూడవలెను. మొదటిది భయపెట్టుట. రెండవది కాపాడుట. కొట్టుట మూడవది. ఖడ్గకర్మలలో ఇట్టి క్రమము కానరాదు. అవి యన్నియు త్రిప్పుట, దూకుట, నఱకుట యందలి భేదములు. దూరమునుండి విసరబడు రాయి మాత్రమే తగులకయు తన పని చేయగలదు. చెవి ప్రక్కగా రివ్వున పోయిన వడిసెలరాయి దుండగుని ఆపినచో దాని కర్మ నెఱవేరినట్లే. గురి తప్పిన కత్తి వ్యర్థము. గురి తప్పిన రాయి త్రాసనమగును. త్రాసనమునే తొలికర్మగా లెక్కించిన దృష్టిలో ఆత్మరక్షణము యొక్క తత్త్వమంతయు ఇమిడియున్నది.

తెలుగు పల్లెలలో వడిసెల కొఱకు శాస్త్రము తెరువనక్కరలేదు. జొన్నచేల నడుమ మంచెపై నిలిచి పిట్టలను తోలుటకు దానిని వాడుట నిన్నమొన్నటి వరకు నున్నది. అచటను ప్రయోజనము పిట్టను చంపుట కాదు, లేపుట. అదే వడిసెల 1946-48 నడుమ తెలంగాణమున రజాకార్లకు, దొరల మనుషులకు ఎదురు నిలిచిన గ్రామరక్షకుల చేత ఆయుధమైనది. స్త్రీలు రోకళ్లు, కారపుపొడి సిద్ధము చేసికొని వాకిళ్లలో నిలిచిన సంగతులు ఆ పోరాటమును గూర్చిన రచనలలోను, పాల్గొన్న స్త్రీల కథనములలోను కలవు. తుపాకి ముందు వడిసెల ఎంతవరకు నిలుచునను ప్రశ్న వేఱు. ఆయుధము నిషేధింపబడినవానికి పనిముట్టే ఆయుధమగునను నీతి ప్రకాశికలోని అముక్తపట్టికలోను కానవచ్చును: అందు వజ్రము, గద, పరశువులతోపాటు లవిత్రము కలదు, అది కొడవలి; సీరము కలదు, అది నాగలి; ముసలము కలదు, అది రోకలి; స్థూణ కలదు, అది గుంజ.

ఆదికావ్యమునందు దీనికి ఉజ్జ్వలమైన నిదర్శనము హనుమంతుడు. లంకకు ఆయన ఆయుధము తీసికొని పోలేదు. అశోకవనిక భగ్నమైన పిమ్మట కింకరులు చుట్టుముట్టగా తోరణమునందున్న ఇనుప పరిఘను గ్రహించెను. పరిఘ యన తలుపునకు అడ్డముగా వేయు గడియమ్రాను. పిమ్మట చైత్యప్రాసాదపు స్తంభమును పెకలించి త్రిప్పెను. జంబుమాలి వచ్చినపుడు మొదట రాతిని విసరెను. దానిని వాడు బాణములతో చూర్ణము చేసెను. సాలవృక్షమును గ్రహించెను, దానిని నఱికెను. అపుడు మరల ఆ పరిఘనే చేకొని వానిని కూల్చెను. విసరదగినవి విసరబడినవి, నిలుపుకొనదగినది చేత నిలిచినది. వాల్మీకి ధనుర్వేదము బోధించుటకు ఈ సర్గలు రచించెనని చెప్పుట సాహసము. అయినను ముక్తాముక్త వివేకము కథలో సహజముగా ఒదిగినది.

ఇచట ఒక పూర్వపక్షము వచ్చును. ఆయుధగ్రహణము క్షత్రియధర్మము, తక్కినవారికి ఈ విచారమేల? అగ్నిపురాణమే దీనికి కొంత సమాధానము చెప్పినది. ఆపదయందు శూద్రునకును యుద్ధాధికారము కలదనియు, దేశమందున్న సంకరజాతులవారును రాజునకు యుద్ధసాహాయ్యము చేయవలెననియు అచట కలదు. మనువు ఎనిమిదవ అధ్యాయమున ధర్మమునకు అడ్డు కలిగినపుడు ద్విజులెల్లరు శస్త్రము గ్రహింపవచ్చుననియు, ఆత్మరక్షణమందును స్త్రీల, విప్రుల రక్షణమందును ధర్మముగా కొట్టినవానికి దోషము లేదనియు చెప్పెను. చిక్కు వచ్చునది బ్రాహ్మణుని విషయమున. ఆపస్తంబుడు తన ధర్మసూత్రమున బ్రాహ్మణుడు పరీక్షించి చూచుటకైనను ఆయుధమును చేత పట్టరాదని శాసించెను. తెలుగునాట బ్రాహ్మణులలో అధికసంఖ్యాకులు ఆపస్తంబసూత్రులు గనుక ఈ మాట దూరపు మాట కాదు. గౌతముడు ప్రాణసంశయమునందు బ్రాహ్మణుడును శస్త్రము గ్రహింపవచ్చుననెను. బౌధాయనుడును గోబ్రాహ్మణ రక్షణమునందు, వర్ణసంకరము సంభవించినపుడు అట్లే అనుమతించెను.

సామాన్యవిశేష న్యాయమున ఆపస్తంబుని నిషేధము సుఖకాలమునకును, గౌతముని అనుమతి ఆపత్కాలమునకును అన్వయించి విరోధము తొలగింపవచ్చును. కాని ఇంతకంటె చక్కని దారి ఒకటి కలదు. నిషేధము ఆయుధమునకే గాని ఉపకరణమునకు కాదు. స్నాతకుడు సమావర్తనమున వెదురుదండమును గ్రహించును. పారస్కర గృహ్యమున ఆ దండగ్రహణ మంత్రము సర్వదిశలనుండి వచ్చు బాధలనుండి తన్ను కాపాడుమని ఆ దండమునే ప్రార్థించును. ఆయుధము పట్టరాని బ్రహ్మచారికి శాస్త్రమే చేతికఱ్ఱ నిచ్చినది. దారిలో కుక్క మీద పడినపుడు దానిని ఎత్తుటకు ఎవ్వరును ధర్మసూత్రమును సంప్రదింపరు. కావున రోకలి, కవ్వము, కమండలువు, పీట ఏదైనను ఆయుధత్వమును పొందుట ప్రయోక్త సంకల్పము వలననే గాని వస్తుజాతి వలన కాదు.

నేటి రాజశాసనమునందును ఈ భేదము మిగిలియున్నది. కౌటిల్యుడు రాజముద్రతో అనుమతి పొందనివారు శస్త్రములతో సంచరింపరాదని నియమించెను. 1959 నాటి ఆయుధచట్టము ననుసరించి 2016లో ఏర్పడిన నిబంధనలు తొమ్మిది అంగుళములకు మించిన పొడవు లేక రెండు అంగుళములకు మించిన వెడల్పు గల వాదరతో నున్న కత్తులను ఆయుధములలో చేర్చి, గృహ, వ్యవసాయ, వైజ్ఞానిక, పరిశ్రమల అవసరములకై చేయబడిన వానిని మినహాయించెను. కొడవలి కొడవలిగా నున్నంత వరకు అడ్డు లేదు. బొడ్డున దోపిన బాకు మాత్రము ప్రశ్నకు గురియగును.

మిగిలినది మేర. చేతికందినది విసరుట తగును సరే, ఎంతవరకు తగును? స్మృతులలో ఈ విచారము రెండు చోట్ల విడివిడిగా నున్నది. వానిని కలిపి చదువువారు అరుదు. మొదటిది దండపారుష్య ప్రకరణము. యాజ్ఞవల్క్యుడు ఇతరునిపై బూడిద, బురద, దుమ్ము పడవేసినవానికి పది పణములు, అమేధ్యమును పడవేసినను, మడమతో తాకించినను, ఉమిసినను అంతకు రెట్టింపు దండము చెప్పెను. చేయి ఎత్తినంత మాత్రమున పది, కాలెత్తినచో ఇరువది. తగిలినదా లేదా అను విచారము లేకయే ఎత్తుటకే దండము కలదనుట గమనింపదగినది. ఒకరినొకరు కొట్టుకొన్నచో మొదట తాకినవానికి అధికదండము, ఎదురు తాకినవానికి తక్కువ యని నారదుడు. ఎదురు కొట్టినవాడును పూర్తిగా నిర్దోషి కాడను మాట ఇందు దాగియున్నది. రక్షణము వేఱు, ప్రతీకారము వేఱు.

రెండవది ఆతతాయి ప్రకరణము. నిప్పు పెట్టువాడు, విషము పెట్టువాడు, శస్త్రము చేబట్టి వచ్చువాడు, ధనమును, క్షేత్రమును, భార్యను అపహరించువాడు అని వసిష్ఠుడు ఆర్గురను లెక్కించెను. వచ్చుచున్న ఆతతాయి గురువైనను, బాలుడైనను, వృద్ధుడైనను, బహుశ్రుతుడైనను ఆలోచింపక కొట్టవచ్చునని మనువచనము. దీనిని ఉన్నదున్నట్లు పట్టుకొన్నవారు పెక్కురు. కుల్లూకభట్టు మాత్రము పారిపోవుట మొదలగు ఉపాయములచే తన్ను రక్షించుకొన శక్యము కానపుడే యని సంకోచించెను. పారిపోవుట మొదటి ఉపాయమని మహావ్యాఖ్యాత చెప్పుటకు సంకోచింపలేదు. వీరమ్మన్యులకు ఇది రుచింపకపోవచ్చును.

విజ్ఞానేశ్వరుడు మితాక్షరయందు ఈ విషయమును ఇంకను లోతుగా విచారించెను. ధర్మశాస్త్ర, అర్థశాస్త్ర విరోధము వచ్చినపుడు ఏది బలవత్తరమను ప్రసంగమున ఆతతాయి వచనములను ఎత్తికొని, ఆత్మాదిరక్షణమునకై చంపవలెనను అభిసంధి లేకుండ వారింపబడుచున్న బ్రాహ్మణాదులు ప్రమాదవశమున మరణించినచో లఘుప్రాయశ్చిత్తము మాత్రమే యనియు, రాజదండము లేదనియు తేల్చెను. ఇచట ఆయువుపట్టు వారింపబడుట యను పదము. హననము కాదు, నివారణము. ధనుర్వేదమున క్షేపణికి త్రాసనము, రక్షణము ముందు చెప్పబడుటయు, మితాక్షరలో నివారణము ప్రధానమగుటయు వేర్వేరు శాస్త్రములనుండి బయలుదేరి ఒక్కచోటికే చేరుచున్నవి. రాయి, పీట, చెంబు, పిడికెడు దుమ్ము నివారకములు కాగలవు. గుండెకు గురిచూచి విసరిన కత్తి నివారణార్థమని చెప్పుట కష్టము. అభిసంధిని దాచుకొనుటకు అది చోటీయదు. మితాక్షర ఆంధ్రదేశమునకు క్రొత్తది కాదు. తిక్కన కాలమునందే కేతన దానిని విజ్ఞానేశ్వరీయముగా తెనిగించెను.

ఆంగ్లేయులు 1860లో కూర్చిన భారత శిక్షాస్మృతి 96 మొదలు 106 వరకు గల విధులలో స్వీయరక్షణహక్కును వ్యవస్థ చేసినది. 2024 జులై 1 నుండి దాని స్థానమున భారతీయ న్యాయ సంహిత అమలులోనికి రాగా అవే విధులు 34 మొదలు 44 వరకు నున్నవి. రక్షణకు అవసరమైన దానికి మించిన హాని చేయరాదు. రాజపురుషుల శరణు పొందుటకు వ్యవధి యున్నచో ఈ హక్కు లేదు. ఆపద కలుగునను సహేతుకమైన భయముతో హక్కు మొదలై ఆ భయమున్నంత వరకే నిలుచును. పారిపోవువాని వెన్నుపై రాయి విసరినచో అది రక్షణము కాదు. వెనుదిరిగినవానిని కొట్టరాదని మనువు యుద్ధమునందే నిషేధించియున్నాడు.

విసరుట యను క్రియ ఆక్రమణరూపమున ఎంత ఘోరమగునో ఈ కాలము చూచినది. స్మృతికారులు బూడిదకు, బురదకు పది పణములు చెప్పిరి. సీసాలోని ఆమ్లము యువతి ముఖముపై విసరబడునని వారు ఊహింపలేదు. 2013లో శిక్షాస్మృతిని సవరించి ఆమ్లప్రయోగమును ప్రత్యేకాపరాధము చేసిరి. గాయపఱచినచో పదేండ్లకు తక్కువ కాని కారాగారము. విసరి తగులకపోయినను, విసర యత్నించినను ఐదేండ్లకు తక్కువ కాదు. న్యాయ సంహితలో ఇది 124వ విధి. చేయి ఎత్తుటకే దండము చెప్పిన యాజ్ఞవల్క్యుని పద్ధతి ఇచట మరల కానవచ్చుచున్నది. అంతేకాదు, ఆమ్లము విసరువానిని, విసరబోవువానిని ఎదుర్కొనుటలో ప్రాణహాని కలిగినను రక్షణహక్కు వర్తించునని అదే సవరణము చేర్చినది. వసిష్ఠుని అగ్నిద, గరదుల పంక్తిలో వీడును చేరదగినవాడే. అట్టివాని చేతిపై రోకలి విసరిన ఆడుబిడ్డ ఏ శాస్త్రమునందును దోషి కాదు.

ప్రక్కవానికి తగిలిన దెబ్బ సంగతి ఇంకొకటి యున్నది. విసరు వస్తువునకు, పట్టిన వస్తువునకు గల పెద్ద భేదమిదియే; చేతిని విడిచినది విడిచినవాని వశమున నుండదు. యాజ్ఞవల్క్యుడు వ్యవహారాధ్యాయమున తొలగుమని కేక వేసినవానికి తన పశువు వలన కలిగిన హానియందు దోషము లేదని చెప్పి, కొయ్య, మట్టిగడ్డ, బాణము, రాయి, బాహువు, వాహనము కట్టిన పశువు వీని విషయమునను అట్లే యని అతిదేశించెను. కేక వేయకున్నచో దోషము కలదని అర్థాపత్తి. న్యాయ సంహిత 44వ విధి ప్రాణాంతకమైన దాడికి ఎదురునిలుచునపుడు నిర్దోషులకు హాని తప్పనిదైనచో ఆ సాహసమునకును రక్షణహక్కు వర్తించునని చెప్పుచున్నది. కేక ప్రసక్తి అందు లేదు. ఈ ఒక్క అంశమున స్మృతి నిబంధన సూక్ష్మతరము. ఆ పట్టికలో తక్కినవి విసరబడునవో, తోలబడునవో కాగా దేహమును విడువని బాహువు నడుమ ఎట్లు చేరినదను ప్రశ్న పాఠకులకు తోచును. బాహుయుద్ధమును ఆయుధభేదములలో కడపట లెక్కించిన అగ్నిపురాణ విభాగముతో దీనిని పోల్చి చూచినచో, విసురుగా త్రిప్పబడు బాహువును స్మృతికారుడు ముక్తప్రాయముగనే గ్రహించెనని తలపవచ్చును.